కొత్త కోచ్‌తో పేచీ వస్తే ఫుట్‌బాల్ టీమ్‌లో నిలబడటం ఎలా?

పాత సార్ ఉన్నన్నాళ్లూ ఫస్ట్ ఎలెవెన్‌లో ఎవరెవరు ఉంటారో గ్రౌండ్ పక్క టీ కొట్టాయన కూడా చెప్పేవాడు. గోల్‌కీపర్ నుంచి స్ట్రైకర్ దాకా అవే పేర్లు. ఆయనకి బదిలీ అయింది, కొత్త పీడీ సార్ (ఆటలు నేర్పే సార్) వచ్చాడు. వారం తిరక్కముందే సాయంత్రం ప్రాక్టీసు తెల్లారి ఐదున్నరకు మారింది. బాల్ ముట్టుకోకముందే ముప్పావుగంట పరుగు. లెఫ్ట్ వింగ్‌లో, అంటే ఎడమ పక్క ముందు ఆడేవాణ్ణి లెఫ్ట్ బ్యాక్‌కి, అంటే అదే పక్క వెనక కాపలాకి పొమ్మన్నాడు. పోయిన ఆదివారం రెండు గోల్స్ కొట్టినోడు ఈ ఆదివారం బెంచీ మీద కూర్చున్నాడు. అంతే, మొదలైంది: "కొత్త బిచ్చగాడు పొద్దెరగడంట, ఏంది ఈయన గోల?"

నెల్లూరు వీఆర్సీ గ్రౌండ్‌లో ఆడే కుర్రాళ్లయినా, కావలి, ఒంగోలు కాలేజీ జట్లయినా ఈ తంతు చూడనివాళ్లు తక్కువ. ఇది ప్రధానంగా ఆ బెంచీ మీద కూర్చున్నవాడి కోసం, వాణ్ణి సముదాయించలేక తల పట్టుకున్న కెప్టెన్ కోసం రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఈ గొడవల్లో సార్ పద్ధతి నచ్చక వచ్చేవి కొన్నే. ఒక్క ముక్క చెప్పకుండా పక్కన కూర్చోబెట్టాడన్న కడుపుమంట నుంచి వచ్చేవే ఎక్కువ.

ముందు మీ కోపం దేనిమీదో తేల్చుకోండి

"సార్ మంచోడు కాదు" అనేది ఫిర్యాదు కాదు. దాన్ని విడగొట్టండి. ప్రాక్టీసు పద్ధతి నచ్చలేదా? ఆడే చోటు మార్చడం నచ్చలేదా? ఆడే నిమిషాలు తగ్గాయా? మూడూ కలిపి తిట్టుకుంటే దేనికీ జవాబు దొరకదు.

నిమిషాల సంగతైతే లెక్క రాసి పెట్టుకోండి. చిన్న నోటుబుక్కు చాలు, ఫోన్‌లో రాసుకున్నా సరే. ఎట్లా రాయాలంటే: "ఆదివారం, కావలి టీమ్ మీద. లెఫ్ట్ వింగ్. 62వ నిమిషంలో బయటికి దించారు. అంతకుముందు పది నిమిషాల్లో బాల్ పోగొట్టుకున్నాక రెండుసార్లు వెనక్కి పరిగెత్తలేదు. ఎండ బాగా ఉంది." చివరి రెండు వాక్యాలే ముఖ్యం. దించారు అని అందరూ రాస్తారు, దించకముందు ఏం జరిగిందో రాసేవాడు అరుదు. నాలుగు మ్యాచ్‌లు ఇట్లా రాస్తే ఈ మూడిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. సార్ దగ్గరకు పోవడానికి గట్టి కారణం దొరుకుతుంది, పోవాల్సిన అవసరమే లేదని తెలుస్తుంది, లేదా మీరు అనుకున్నంత తక్కువేం ఆడలేదని బయటపడుతుంది.

పదకొండు మందిని ఎందుకు మారుస్తున్నాడో ఆయన వైపు నుంచి చూడండి

రొటేషన్ (మ్యాచ్ మ్యాచ్‌కీ ఆటగాళ్లను మార్చి ఆడించడం) అంటే శిక్ష అని మనవాళ్ల బుర్రలో పడిపోయింది. క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కదా, అక్కడ టీమ్‌లోంచి తీసేశారంటే ఫామ్ పోయినట్టే లెక్క. ఫుట్‌బాల్‌లో అట్లా కాదు. వింగర్ (పక్క గీత వెంట ముందు ఆడేవాడు), ఫుల్‌బ్యాక్ (అదే పక్క వెనక కాచేవాడు) మ్యాచ్ పొడుగునా పైకీ కిందికీ ఉరుకుతూనే ఉండాలి. మన దగ్గర సెలవుల టోర్నమెంట్లు పెట్టేది నాకౌట్ పద్ధతిలో, రోజు మార్చి రోజు మ్యాచ్. ఒక్కోచోట వరసగా రోజూ. అలిసిన తొడకండరం పట్టేసేది ఇట్లాంటి రెండో మ్యాచ్‌లో, మూడో మ్యాచ్‌లోనే. మే నెలలో నెల్లూరు ఎండ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ వేడికి ఆటలో కూలింగ్ బ్రేక్ ఇవ్వొచ్చని ఫుట్‌బాల్ నిబంధనల్లోనే ఉంది, తొంభై సెకన్ల నుంచి మూడు నిమిషాల దాకా. సార్ మీకు రెండో సగంలో విశ్రాంతి ఇచ్చాడంటే ఫైనల్‌కి మీరు మిగలాలని కూడా అయ్యుండొచ్చు.

ఇంకో సంగతి, గ్రౌండు. ఈశాన్య రుతుపవనాలు మనకు బాగా కురిసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను పట్టిందంటే గోల్ ముందుండే పెనాల్టీ బాక్సులో మడమ లోతు బురద. అక్కడ చిన్న చిన్న పాసులు ఆడేవాడి బాల్ సగంలోనే ఆగిపోతుంది. ఎత్తి కొట్టేవాడు, ఒళ్లు అడ్డం పెట్టి నిలబడేవాడు కావాలి. జనవరిలో గట్టి నేల మీద మళ్లీ పాసు ఆడేవాడే రాజు. ఒకే పదకొండు మంది రెండిటికీ సరిపోతారనుకోవడం అత్యాశ.

పెద్ద జట్లలో చూస్తే రెండు రకాలూ నెగ్గాయి. ఇంగ్లండులో లివర్‌పూల్ క్లబ్బు మేనేజర్‌గా (అక్కడ కోచ్‌ని అట్లా అంటారు) ఉన్నప్పుడు రఫా బెనిటెజ్ వరసగా 99 మ్యాచ్‌ల్లో ముందు మ్యాచ్ జట్టునే మళ్లీ ఆడించలేదు. రోజూ తిట్లు తిన్నాడు, 2006లో ఎఫ్ఏ కప్పూ గెలిచాడు. క్లాడియో రానియేరి కథ ఇంకా తమాషా. చెల్సీ క్లబ్బు మేనేజర్‌గా ఉన్నప్పుడు ఊరికే జట్టు మారుస్తాడని ఇంగ్లండు పత్రికలు ఆయనకు 'టింకర్‌మ్యాన్' (ఊరికే కెలికేవాడు) అని పేరు పెట్టాయి. అదే మనిషి 2015-16లో లెస్టర్ క్లబ్బుకి ఇంగ్లండు లీగ్ టైటిల్ తెచ్చాడు, ఆ ఏడు లీగ్ మొత్తంలో జట్టును అందరికన్నా తక్కువ మార్చింది ఆయనే. కాబట్టి "మార్చడమే తప్పు" అనీ, "మార్చడమే సైన్సు" అనీ వాదించుకోవడం దండగ. ఈ టీమ్‌కి, ఈ నెలలో ఏది నప్పుతుందన్నదే ప్రశ్న.

టోర్నమెంట్ రూల్సు చదవండి

ఇది చిన్న పని, ఎవరూ చేయరు. పెద్ద పోటీల్లో ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లను లోపలికి పంపొచ్చన్న నియమం 2020లో తాత్కాలికంగా వచ్చి 2022లో స్థిరపడింది. అక్కడ ఒకసారి బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి పోలేడు. కానీ పిల్లల పోటీలు, ఊరి స్థాయి పోటీల్లో నిర్వాహకులు ఒప్పుకుంటే బయటికొచ్చినవాడు తిరిగి లోపలికి పోవచ్చు. మీ టోర్నమెంట్‌లో అట్లా ఉందనుకోండి, 30వ నిమిషంలో దించారంటే ఆ రోజుకి మీ ఆట అయిపోయినట్టు కాదు. అది తెలియక స్టడ్స్ బూట్లు విప్పేసి, జెర్సీ మార్చేసుకుని కూర్చున్నవాణ్ణి సార్ మళ్లీ పిలవాలన్నా పిలవలేడు.

సార్‌తో ఒంటరిగా మాట్లాడండి

మ్యాచ్ అయిన వెంటనే వద్దు. ఓడితే ఆయన మంట మీద ఉంటాడు, గెలిస్తే మీ మాట చెవికెక్కదు. మ్యాచ్ ముందు అసలే వద్దు. మర్నాడో ఎల్లుండో, ప్రాక్టీసుకి పావుగంట ముందు పోండి. కోన్లు పెట్టడానికో, బిబ్స్ (జట్లు గుర్తుపట్టడానికి జెర్సీ మీద వేసుకునే రంగు బనియన్లు) పంచడానికో ఒక చెయ్యి వేస్తే మాట దానంతట అదే కలుస్తుంది. పక్కన ఇంకో ముగ్గురిని వేసుకుని పోవద్దు. నలుగురు కలిసి పోతే ఆయనకు అది మాటలా కనిపించదు, దండయాత్రలా కనిపిస్తుంది.

ఎట్లా అడగాలనేదే అసలు కిటుకు. "ఏంది సార్, నన్నెందుకు ఆడించలేదు?" అంటే ఆయన నోటికొచ్చే జవాబు "నా ఇష్టం". ఇట్లా నడిపించి చూడండి:

"సార్, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

"చెప్పు నాయనా."

"ఆదివారం 62వ నిమిషంలో దించారు. అంతకుముందు నేను రెండుసార్లు వెనక్కి రాలేదు. దానికేనా సార్, ఇంకేమన్నా ఉందా?"

"అదొకటి. నువ్వు రాకపోతే ఆ పక్క బ్యాక్ ఆడే పిల్లోడు ఇద్దరి మీద ఒక్కడే పడుతున్నాడు, చూశావా?"

"గమనించలేదు సార్. ఈ వారం ప్రాక్టీసులో దేనిమీద పని చేయమంటారు?"

ఆ చివరి ప్రశ్న విడిచిపెట్టొద్దు. ఆయన ఒక పని చెప్పాడంటే ఆ పని చూడాల్సిన బాధ్యత కూడా ఆయన మీద పడుతుంది. రెండు వారాల తర్వాత "మీరు చెప్పింది చేస్తున్నా సార్, ఎట్లా ఉంది?" అని అడిగే హక్కు మీకు వస్తుంది. మాట్లాడేటప్పుడు ఒక్కటి మాత్రం నోట్లోంచి రానీయొద్దు, ఇంకొకడి పేరు. "వాడు నాకన్నా ఏం ఆడతాడు సార్" అన్న మాట సాయంత్రానికల్లా వాడికి చేరుతుంది, అక్కణ్ణుంచి గొడవ మీకూ సార్‌కీ మధ్య కాదు.

పద్ధతి మీద అభ్యంతరమైతే కనీసం ఒక నెల ఆ పద్ధతిలో మనస్ఫూర్తిగా చేశాకే చెప్పండి. ముందుకెళ్లి ప్రెస్ చేసే ఆట, అంటే బాల్ ఉన్నవాడి మీదికి అందరూ ఉరికి లాక్కునే ఆట నేర్చుకోవడానికి పదకొండు మందికీ టైమ్ పడుతుంది. ఇద్దరు ఉరికి తొమ్మిది మంది చూస్తూ ఉంటే అది మొదటి రోజే విఫలమవుతుంది, తప్పు పద్ధతిది అనిపిస్తుంది. ఉత్త పరుగే ముప్పావుగంట పెడుతుంటే మాత్రం, అందులో సగం బాల్‌తో చేయిస్తారా అని అడగడంలో తప్పేం లేదు. ఈ విషయంలో నేను కుర్రాళ్ల పక్షమే.

వాట్సాప్ గ్రూపు జోలికి పోవద్దు

సార్ లేని గ్రూపు ఒకటి ఎట్లాగూ పెడతారు. అందులో రాత్రి పదింటికి పెట్టిన మెసేజ్ పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌లో సార్ ఫోన్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్‌తో సహా. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

దించితే దిగండి

2019 ఫిబ్రవరి 24న లండన్ వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్, చెల్సీకీ మాంచెస్టర్ సిటీకీ. చెల్సీ మేనేజర్ మౌరిజియో సార్రికి అక్కడ అది మొదటి సీజనే. ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో గోల్‌కీపర్ కెపాని దించి ఇంకో కీపర్ కబయెరోని పంపాలని నంబర్ల బోర్డు ఎత్తించాడు. కెపా రానని చేతులు ఊపాడు. సార్రి గీత దగ్గర అరిచి అరిచి, డ్రెస్సింగ్ రూముకి పోయే దారి వైపు నడిచి, మళ్లీ వెనక్కొచ్చాడు. కెపా అట్లాగే ఉన్నాడు. రెఫరీ చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే దిగనన్నవాణ్ణి బలవంతంగా పంపే అధికారం నిబంధనల్లో లేదు, ఆట సాగాల్సిందే. పెనాల్టీల్లో చెల్సీ 4-3తో ఓడింది. కెపాకి వారం జీతం జరిమానా పడింది, తర్వాతి మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చున్నాడు. తనకు బాగానే ఉంది, ఆడగలను అన్నది అతని వాదన. నిజమే కావచ్చు. కానీ ఆ సాయంత్రం జనానికి గుర్తుండిపోయింది అతను ఆపిన పెనాల్టీ కాదు.

మన గ్రౌండ్‌లో కోట్ల జీతాలు లేవు, జరిమానా లేదు. పరువు మాత్రం ఉంది. దిగేటప్పుడు లోపలికొచ్చేవాడి చెయ్యి తట్టండి, సార్ మొహం చూడాలనిపించకపోతే చూడొద్దు, సీసా తన్నొద్దు. మంచినీళ్లు తాగి బెంచీలో కూర్చోండి. అంతకన్నా ఎవరూ ఆశించరు.

చోటు మారిస్తే వెంటనే కాదనొద్దు

మన హైదరాబాద్ రహీం సాబ్ సంగతి ప్రతి కుర్రాడికీ తెలియాలి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు, 1950 నుంచి భారత జట్టు కోచ్. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో నెగ్గిన ఫైనల్లోనూ కొట్టాడు. బంగారు పతకం. డిఫెండర్‌ని స్ట్రైకర్‌గా ఆడించినప్పుడు జర్నైల్ "ఇది నా చోటు కాదు" అని అలిగి ఉంటే? (తలకు కుట్లు పడ్డవాణ్ణి ఈ రోజుల్లో ఆడించమని మాత్రం నేనెవరికీ చెప్పను. ఆ సంగతి కిందే ఉంది.)

కెప్టెన్ చేయాల్సింది

"అన్నా, నువ్వు చెప్పు సార్‌కి" అని అందరూ మీ మీద తోస్తారు. ఒకడి తరఫున మాట్లాడొద్దు, వాణ్ణే పంపండి. మీరు మాట్లాడాల్సింది టీమ్ మొత్తానికి సంబంధించింది. మొదటిది, జట్టు పేర్లు మ్యాచ్ ముందు రోజు సాయంత్రమే చెప్పమనండి. రెండోది, పక్కన పెట్టినవాడికి పేర్లు చదవకముందే ఒక మాట విడిగా చెప్పమనండి. ఈ రెండూ జరిగితే సగం మంట అక్కడే చల్లారుతుంది.

కొత్త సార్లు ఎవరన్నా ఇది చదువుతుంటే వాళ్లకీ ఒక మాట. పాత సార్‌నీ, పాత కప్పులనీ తీసిపారేస్తూ మొదలుపెట్టొద్దు. బ్రయన్ క్లఫ్ అంతటి మేనేజర్ 1974లో ఇంగ్లండులోని లీడ్స్ క్లబ్బుకి పోయి, మీ పతకాలు చెత్తబుట్టలో వేసుకోండి అన్నాడని ఆ ఆటగాళ్లే తర్వాత చెప్పారు. అక్కడ ఆయన ఉన్నది 44 రోజులు.

సర్దుకోకూడనివి

పైన చెప్పినదంతా ఆట వరకే. దెబ్బ తగిలిందన్నా ఆడమనడం, తలకు గట్టిగా తగిలి కళ్లు తిరుగుతున్నా లోపలికి పంపడం, ఎండలో నీళ్లు తాగనివ్వకపోవడం, చెయ్యి చేసుకోవడం, కులం పేరు ఎత్తడం, జట్టులో చోటుకి డబ్బులడగడం... ఇవి కోచింగ్ పద్ధతులు కావు. వీటికి ఓ నెల ఆగి చూడటాలు, కోన్లు పెట్టడాలు లేవు. అదే రోజు ఇంట్లో చెప్పండి, బడి అయితే హెడ్మాస్టర్‌కి, కాలేజీ అయితే ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి. తలకు దెబ్బ తగిలినవాడు డాక్టరు చూసేదాకా ఆడకూడదు, ఫైనల్ అయినా సరే.

ఇక పడదు అనుకుంటే

టోర్నమెంట్ మధ్యలో పోవద్దు. చాలా పోటీల్లో ఒక ఆటగాడు ఒకే టీమ్‌కి ఆడాలన్న నియమం ఉంటుంది, పేరు ఒకచోట రాయించుకుని ఇంకోచోట ఆడితే టీమ్ పోటీలోంచి పోయే ప్రమాదం ఉంది. అయ్యేదాకా ఆగండి. సంగతి ముందు సార్‌కి చెప్పండి, తర్వాత కెప్టెన్‌కి, ఆ తర్వాతే మిగతావాళ్లకి. జెర్సీ ఉతికి ఇచ్చేయండి. టీమ్ డబ్బుతో కొన్న షిన్‌గార్డులు మీ దగ్గరుంటే అవీ ఇచ్చేయండి. కొత్త టీమ్ సార్ మీ గురించి మొదట ఫోన్ చేసి అడిగేది పాత సార్‌నే, జిల్లాలో ఫుట్‌బాల్ ఆడించేవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు.