సెంటెండ్రె ఊరిని కాలినడకన చదవడం ఎలా

బుడాపెస్ట్‌లో చదువుకునే మనవాళ్లు వారాంతంలో సెంటెండ్రె వెళ్లి, నడిబజారులో ఐస్‌క్రీం తిని, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తుంటారు. అలా చూస్తే ఊరు బొమ్మలకొలువులాగే ఉంటుంది, అంతకుమించి ఏమీ అర్థం కాదు. రాజధానికి ఉత్తరాన 20 కిలోమీటర్ల దూరంలో, డాన్యూబ్ పడమటి గట్టున ఉన్న ఈ చిన్న ఊరికి రోమన్లు, సెర్బులు, ద్రాక్ష రైతులు, చిత్రకారులు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. చివరగా వచ్చినవాళ్లు రోజూ రైలెక్కి రాజధానికి ఉద్యోగానికి పోయేవాళ్లు. ఎవరు ఎక్కడ స్థిరపడాలో చాలావరకు నేల వాలు, నీళ్లే తేల్చాయి. కాబట్టి నడక దక్షిణాన స్టేషన్ దగ్గర మొదలుపెట్టి, వాగు దాటి, గుట్ట ఎక్కి, చివర్లో నదికి దిగాలి. నిదానంగా నాలుగైదు గంటలు పడుతుంది. వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి కాబట్టి పలచటి అట్టల చెప్పులు వద్దు.

ముందురోజు ఇంట్లో

ఆర్కానుమ్ సంస్థ ఆన్‌లైన్‌లో పెట్టిన హాబ్స్‌బర్గ్ (ఒకప్పుడు ఆస్ట్రియా, హంగేరీలను ఏలిన రాజవంశం) సైనిక సర్వే పటాలు తెరవండి. మొదటి సర్వే 18వ శతాబ్దం చివరిది, రెండోది 1806–1869 మధ్యది, మూడోది 1869 తర్వాతిది. వాటిమీద ఊరి పేరు జర్మన్‌లో సాంక్ట్ ఆండ్రా అనే రూపంలో ఉండొచ్చు. హంగేరియన్ పేరు కోసం వెతికి దొరకలేదని వదిలేయకండి. పాత పటాన్ని నేటి పటం మీద పరిచి, పారదర్శకత సగానికి తగ్గించండి. ఊరికి పడమర, ఉత్తరాన ఉన్న వాలుల మీద గీతలు గీతలుగా ద్రాక్షతోటలు కనిపిస్తాయి. ఆ వాలుల్ని గుర్తు పెట్టుకోండి, మధ్యాహ్నం వాటితో పని ఉంది. పాత ఫొటోలకు ఫోర్టెపాన్ అనే ఉచిత భాండాగారంలో ఊరి పేరు కొడితే చాలు.

జనాభా లెక్కలు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. హంగేరీలో 1880 నుంచి మాతృభాష అడుగుతున్నారు. భాష గడి ఒక్కటే చూసి ఇంతమంది సెర్బులని తేల్చితే తప్పుతుంది. ఏడ్రియాటిక్ తీరంలోని డాల్మేషియా మూలాలున్న ఇక్కడి డాల్మేషియన్లు మాట్లాడింది కూడా దక్షిణ స్లావ్ భాషే, కానీ వాళ్లు క్యాథలిక్కులు. సెర్బులది ఆర్థడాక్స్ మతం. భాష గడి, మతం గడి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

రైలు

బాత్యాని తేర్‌లో మెట్రో దిగి, అక్కడే భూగర్భంలో ఉన్న హెచ్5 ప్లాట్‌ఫాం మీదికి వెళ్లండి. ఈ సబర్బన్ రైలును ఊళ్లోవాళ్లు హేవ్ అంటారు. ప్రయాణం దాదాపు 40 నిమిషాలు. కొన్ని బళ్లు బేకాష్‌మెడ్యెర్‌లోనే ఆగిపోతాయి, కాబట్టి బోర్డు మీద చివరి స్టేషన్ పేరు చూసి ఎక్కాలి.

టికెట్ దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. బుడాపెస్ట్ పాస్ నగర సరిహద్దు వరకే, అంటే బేకాష్‌మెడ్యెర్ దాకానే చెల్లుతుంది. అక్కడినుంచి మిగతా దూరానికి అదనపు టికెట్ బండి ఎక్కకముందే కొనాలి. పెస్ట్ జిల్లా పాస్ గానీ దేశవ్యాప్త పాస్ గానీ ఉంటే ఆ బాధ లేదు.

దారిలో ఆక్వింకుమ్ స్టేషన్ ప్రాంతంలో కిటికీలోంచి చూడండి. పట్టాల వెంబడే సాగే రోడ్డు మధ్యలో రోమన్ కాలువ స్తంభాల మొండేలు నిలబడి ఉంటాయి. తర్వాత లెన్‌ఫొనో అనే స్టాపు వస్తుంది, నార బట్టల మిల్లు పేరు అది. ఈ లైను 1888లో మొదలైంది. అప్పట్లో ఆవిరి బళ్లు నడిచేవి, బాత్యాని తేర్ దాకా రావడం 1972లోనే.

స్టేషన్ నుంచి వాగు దాకా

చాలామంది ఇక్కడే తొందరపడి సబ్‌వేలోంచి నేరుగా నడిబజారుకు పోతారు. ఆగండి. స్టేషన్ ఎదుట 11వ నంబరు రహదారి ఉంది, దాన్ని దాటితే కాస్త మెరక నేల వస్తుంది. ఉల్సిసియా కాస్ట్రా అనే రోమన్ సైనిక శిబిరం ఉన్న చోటు అదే. సామ్రాజ్యపు సరిహద్దు డాన్యూబ్ నది కాబట్టి, వరద తాకని ఎత్తులో, నది కనిపించే చోట కాపలా దళాన్ని పెట్టారు. పక్క వీధి పేరే రోమన్ గట్టు వీధి. గోడలు నిలబడి ఉంటాయని ఆశపడితే నిరాశే, చాలా రాళ్లను తర్వాతివాళ్లు తమ కట్టడాలకు పట్టుకుపోయారు.

అక్కడినుంచి కోషూత్ లాయోష్ వీధి వెంట ఉత్తరానికి నడిస్తే బుక్కోష్ వాగు వంతెన వస్తుంది. వంతెన మీద నిలబడి పడమటికి చూడండి. ఆ కొండలు అగ్నిపర్వత శిలవి. వాగు అక్కడ పుట్టి ఇక్కడ నదిలో కలుస్తుంది. ఎండాకాలం చీలమండ దాకా కూడా నీళ్లుండవు గానీ, కొండమీద కుంభవృష్టి పడితే ఉరవడిగా దిగుతుంది. గట్లు ఎందుకంత ఎత్తుగా కట్టారో అప్పుడు తెలుస్తుంది. రోమన్ల చోటు వాగుకు దక్షిణాన, పాత ఊరు ఉత్తరాన.

చర్చిలు

ఈ ఊరి చరిత్రకు గుండెకాయ 1690. హాబ్స్‌బర్గ్ సైన్యం 1688లో బెల్‌గ్రేడ్ గెలిచి బాల్కన్లలోకి చొచ్చుకుపోయింది. సెర్బులు ఆ సైన్యం పక్షం పట్టారు. 1690లో ఒట్టోమన్లు తిరిగి బెల్‌గ్రేడ్ పట్టుకోవడంతో, కక్ష తీర్చుకుంటారన్న భయంతో సెర్బ్ ఆర్థడాక్స్ చర్చి అధిపతి (పాట్రియార్క్) మూడవ ఆర్సెనియే చార్నోయెవిచ్ వెంట వేల కుటుంబాలు ఉత్తరానికి తరలివచ్చాయి. పరిస్థితి చక్కబడితే వెనక్కి పోదామనుకుని ముందు కొయ్యతో చర్చిలు కట్టుకున్నారు. ఆ రోజు రాలేదు. 18వ శతాబ్దంలో ద్రాక్ష సారా, తోళ్ల వ్యాపారాలతో డబ్బు చేరాక అవే చోట్ల రాతి చర్చిలు లేపారు.

ఇక్కడ చేయాల్సింది ఏమిటంటే, ఒక్కో చర్చి పేరు చదివి, ఎక్కడినుంచి వచ్చినవాళ్లు దాని చుట్టూ కాపురాలు పెట్టారో పటం మీద రాసుకోవాలి. వంతెన దాటగానే వచ్చేది పోజారెవాచ్కా, సెర్బియాలోని పోజారెవాట్స్ వాళ్లది. ముందుకు పోతే దుమ్‌చా యెనో వీధి. ఊరి మొదటి మేయర్ పేరది. ఎడమపక్క సందులో పీటర్-పాల్ చర్చి, ఒకప్పుడు బల్గేరియాలోని చిప్రోవ్‌త్సి నుంచి వచ్చినవాళ్లది, ఇప్పుడు క్యాథలిక్కులది. చర్చి చేతులు మారడం చూసి తికమక పడకండి. జనం తగ్గినప్పుడు అవి ఇతరులకు దక్కాయి.

ఫో తేర్ అనే నడిబజారు మూడు మూలల ఆకారంలో ఉంటుంది. మధ్యలో శిలువను సెర్బ్ వర్తక సంఘం 1763లో నిలబెట్టింది. పక్కనే 1752–54లో కట్టిన బ్లాగొవెష్టెన్‌స్కా చర్చి. లోపల సాధువుల చిత్రాలతో నిండిన తెర చూడాలంటే తలుపు తెరిచి ఉన్న వేళకు వెళ్లాలి. చిన్న రుసుము ఉంటుంది, నాణేలు దగ్గర పెట్టుకోండి. సోమవారం వద్దు, చాలా మ్యూజియాలు మూసే ఉంటాయి.

అక్కడినుంచి మెట్ల సందులోంచి చర్చి గుట్ట ఎక్కండి. పైన క్యాథలిక్ చర్చి మధ్యయుగపు పునాది మీద ఉంది, గోడమీద ఎండ గడియారం చూడొచ్చు. గోడ పక్కన నిలబడి కింద పెంకుటిళ్ల మధ్య గోపురాలు లెక్కపెట్టండి. ఒక్కో గోపురం ఒక్కో గుంపు వాడ. ఉత్తరాన ఎత్తయినది బెల్‌గ్రేడ్ చర్చి, బుడా ఆర్థడాక్స్ బిషప్ పీఠం.

ఇక బోగ్దాని వీధిలోకి దిగి లాజర్ రాజు కూడలి దగ్గర ఆగండి. చిన్న శిలువ ఒకటే ఉంటుంది, చాలామంది చూడకుండానే దాటిపోతారు. 1389లో ఒట్టోమన్లతో కోసోవో యుద్ధంలో మరణించిన సెర్బ్ పాలకుడు లాజర్ అవశేషాలను వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకుని కొన్నేళ్లు ఇక్కడి కొయ్య చర్చిలో ఉంచారు. అది ఉన్న చోటే ఇది. ఇంకా ముందున్న ప్రెయోబ్రజెన్‌స్కా చర్చి తోళ్లు పదును చేసేవాళ్లది. ఆ పనికి నీళ్లు దండిగా కావాలి, అందుకే వాళ్ల వాడ నదికి అంత దగ్గర.

గట్టు, వాలులు

నది పక్కన దునా కోర్జో వెంట దక్షిణానికి తిరగండి. గట్టు పొడుగునా వరుసగా బిగింపు చోట్లు కనిపిస్తాయి. వరద హెచ్చరిక రాగానే వాటిలో స్తంభాలు నిలిపి, మధ్యలో లోహపు పలకలు జారవిడిచి గోడ కడతారు. 2013 జూన్‌లో ఈ గోడ వెనక నది నిలబడింది, 2024 సెప్టెంబరులో మళ్లీ కట్టారు. మామూలు రోజుల్లో నదికీ ఊరికీ అడ్డం ఉండకూడదని ఈ ఏర్పాటు. ఎదురుగా కనిపించేది మరో గట్టు కాదు, సెంటెండ్రె దీవి. అక్కడి బావులు బుడాపెస్ట్‌కు తాగునీళ్లిస్తాయి.

ఓపిక ఉంటే బస్సులో ఉత్తరాన పిష్మాని వాలు మీదికి వెళ్లండి. నిన్న పటంలో చూసిన ద్రాక్షతోటలు అవే. 1880లలో ఫిల్లోక్సెరా పురుగు వేళ్లను తినేసి తోటలు ఎండిపోయాయి, ఊరి ఆదాయం కూలింది, సెర్బులు చెదిరారు. చవక అద్దెలు, రైలు సౌకర్యం కలిసి 1920లలో చిత్రకారులు చేరారు. తోటల చోట మొదట వారాంతపు గుడిసెలు, తర్వాత ఇళ్లు లేచాయి. అందుకే అక్కడి రోడ్లు అంత ఇరుకుగా, వంకర్లుగా ఉంటాయి. రైతు నడిచిన తోటదారులకే తారు పోశారు. ఇక్కడివాళ్లు పొద్దున్నే కారులో స్టేషన్‌కు దిగి హేవ్ ఎక్కుతారు. కొండకూ నదికీ మధ్య 11వ నంబరు రోడ్డు ఒక్కటే కాబట్టి, పనిరోజుల్లో ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య అది కదలదు. బస్సులో వచ్చేవాళ్లు ఆ వేళ తప్పించుకోవాలి.

బయటి కొండ అంచున ఉన్న స్కాన్‌జెన్ పల్లె ఇళ్ల మ్యూజియాన్ని ఈ నడకలో ఇరికించకండి, దానికే ఒక రోజు కావాలి. స్టేషన్ పక్కనున్న బస్టాండ్ నుంచి బస్సు ఉంటుంది. సోమవారాలు, చలికాలంలో చాలా రోజులు మూసి ఉంటుంది, తేదీ చూసుకుని బయల్దేరండి.