మారుమూల దీవికి ఫ్లైట్ ప్లాన్ వేసేటప్పుడు ఏమేం చూసుకోవాలి

చుట్టూ నీళ్లే కదా, ఎయిర్‌స్పేస్ రూల్స్ ఏముంటాయిలే అనుకోకండి. సముద్రం మీద ఆకాశం కూడా ఎఫ్‌ఐఆర్‌లుగా (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్లు, అంటే ఒక్కో కంట్రోల్ సెంటర్ చూసుకునే ప్రాంతాలు) పంచేసే ఉంటుంది, అజోర్స్ చుట్టూ శాంటా మరియా, ఫిజీ వైపు నాడి, ఇలా ఒక్కోదాన్ని ఒక్కో సెంటర్ చూస్తుంది. అందుకే ముందు చార్ట్ తీసి ఏ బౌండరీ ఏ పాయింట్ దగ్గర దాటుతామో రాసుకోండి. తర్వాత నోటామ్‌లు (పైలట్లకి ఇచ్చే తాజా హెచ్చరిక నోటీసులు) చదవండి, మనుషులే లేని దీవి పక్కన కూడా మిలిటరీ డేంజర్ ఏరియా ఉండొచ్చు.

వేపాయింట్లకి, అంటే రూట్‌లో గుర్తు పెట్టుకునే పాయింట్లకి, ఐదక్షరాల పేర్లుంటాయి, నడిసముద్రంలో అయితే చాలాసార్లు ఉత్త అక్షాంశ రేఖాంశాలే. నేను ఎక్కువ భయపడేది ఇక్కడే. డేట్‌లైన్ దగ్గర 179 తూర్పు బదులు 179 పడమర కొట్టారనుకోండి, ఒక్క అక్షరమే తేడా, కానీ భూమధ్యరేఖ దగ్గర పాయింట్ 120 నాటికల్ మైళ్లు పక్కకి పోతుంది. అందుకే ఒకరు ఎంటర్ చేస్తే ఇంకొకరు ప్రతి లెగ్ (రెండు పాయింట్ల మధ్య దారి) ట్రాక్, అంటే దిశ, దూరం ప్లాన్ పేపర్‌తో సరిచూడాలి, పాయింట్ దాటిన పది నిమిషాలకి పొజిషన్ చార్ట్ మీద పెట్టి మళ్లీ చూడాలి.

రాడార్ ఉండదు కాబట్టి డేటాలింక్ (పొజిషన్‌ని కంట్రోల్ సెంటర్‌కి మెసేజ్‌గా పంపే పద్ధతి) లేకపోతే హెచ్‌ఎఫ్‌లో, అంటే దూరాలకి అందే రేడియోలో, పొజిషన్ రిపోర్ట్ ఇవ్వాలి: దాటిన పాయింట్, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) టైమ్, లెవెల్ (ఎగిరే ఎత్తు), తర్వాతి పాయింట్‌కి ఎప్పుడు చేరతామో, దాని తర్వాత ఏ పాయింటో.

ఇక అసలు విషయం ఫ్యూయల్. దగ్గర్లో ఆల్టర్నేట్ (అక్కడ దిగలేకపోతే వెళ్లే ఇంకో ఎయిర్‌పోర్ట్) లేని ఎయిర్‌పోర్ట్‌కి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) రూల్ ప్రకారం టర్బైన్ ఇంజన్ విమానం దీవి పైకి చేరాక కూడా క్రూజ్ లెక్కన 2 గంటలకి సరిపడా ఫ్యూయల్ ఉండాలి, ఫైనల్ రిజర్వ్ (ఎప్పుడూ ముట్టకుండా ఉంచాల్సిన చివరి ఫ్యూయల్) అందులోనే. వెనక్కి తిరగగలిగే చివరి పాయింట్ కూడా లెక్కేసుకోండి. రిజర్వ్ తీసేశాక 6 గంటల ఫ్యూయల్ ఉంది, వెళ్లేటప్పుడు గ్రౌండ్‌స్పీడ్ (గాలి ప్రభావం కలిపి అసలు ముందుకి వెళ్లే వేగం) 400 నాట్లు, తిరుగొచ్చేటప్పుడు 500 అనుకుందాం. 6 ఇంటూ 500, బై 900 (400 ప్లస్ 500), అంటే బయల్దేరిన 3 గంటల 20 నిమిషాల లోపు వెనక్కి తిరగాలి. గాలి మారితే ఈ టైమూ మారుతుంది, దారిలో మళ్లీ వేసుకోవాల్సిందే.

ఈస్టర్ ఐలాండ్‌లోని మటవేరి ఎయిర్‌పోర్ట్ చూడండి, ఒకటే రన్‌వే, చిలీ తీరం నుంచి 3,500 కిలోమీటర్ల పైనే. అలాంటి చోట ఆ వెనక్కి తిరగగలిగే చివరి పాయింట్ రాకముందే తాజా వాతావరణం తెప్పించుకుని, రన్‌వే ఖాళీగా ఉందని కనుక్కోండి. జవాబు రాకపోతే ముందుకు వెళ్లొద్దు, వెనక్కి తిరగండి.