పాత జిప్సీ ఇంజన్, గేర్లు మళ్లీ కొత్తగా ఎలా కట్టుకోవాలి?

1985లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చిన మారుతి జిప్సీకి 1996లో 1298 సీసీ ఇంజన్ పెట్టి జిప్సీ కింగ్ అన్నారు. ఆ తర్వాత వచ్చిన 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) బండి గురించే ఇక్కడ చెబుతున్నాను. దాని శక్తి 80 బీహెచ్‌పీ. అయితే గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) సుమారు 4500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. బురదలో, రాళ్ల మీద మనం నడిపేది అంతకంటే చాలా తక్కువ ఆర్‌పీఎంలో. అక్కడ లాగే బలం పెంచేవి గేర్లే. అందుకే పెద్ద ఇంజన్ కోసం వెతకవద్దని నా గట్టి అభిప్రాయం. ఉన్న ఇంజన్‌ను కొలతల ప్రకారం బాగు చేయించి, మిగిలిన డబ్బు గేర్ల మీద పెట్టండి.

విప్పే ముందు కంప్రెషన్ చూడండి

కంప్రెషన్ అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేయండి. ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పండి. మంచి ఇంజన్‌లో గేజ్ చదరపు సెంటీమీటరుకు 14 కిలోల దగ్గర చూపిస్తుంది. 12 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా 1 కిలో దాటినా పని ఉన్నట్టే. తక్కువ చూపించిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగాయి. పెరగకపోతే వాల్వులు గానీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్‌కూ మధ్య పొర) గానీ అనుమానించాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే చాలాసార్లు వాటి మధ్య గ్యాస్కెట్ కాలి ఉంటుంది. ఈ పరీక్ష చేయకుండా నేరుగా "బోరు కొట్టించేద్దాం" అనే మెకానిక్‌కు బండి ఇవ్వకండి. వాల్వు పనితో పోయేదానికి పూర్తి ఇంజన్ ఖర్చు మీద పడుతుంది.

ఇంజన్ దించి లేత్‌కు పంపడం

ముందు బ్యాటరీ వైరు తీసి, ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ వదిలేయాలి. ప్రతి కనెక్టర్‌కూ, గొట్టానికీ టేపు అంటించి పేరు రాయండి. మెయిన్ బేరింగ్ క్యాపులు, కనెక్టింగ్ రాడ్ క్యాపులు ఏ చోటివి ఆ చోటే, అదే దిక్కుగా తిరిగి రావాలి. అవి మారితే క్రాంక్ బిగుసుకుపోతుంది.

ఈ బ్లాక్ అల్యూమినియంది, లోపల పోత ఇనుము లైనర్లు ఉంటాయి. ఒకసారి బాగా వేడెక్కిన బండి అయితే హెడ్ వంగి ఉండొచ్చు. హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. 0.05 మి.మీ. దాటితే ఫేసింగ్ (అడుగు చదును) చేయించాలి.

లేత్ షాపు దగ్గర ఒక నియమం తప్పకండి: పిస్టన్లు ముందు, బోరు తర్వాత. 0.25 లేదా 0.50 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు కొని చేతికి ఇచ్చి, ఒక్కో పిస్టన్ కొలిచాకే దాని సిలిండర్ కోయమనండి. పిస్టన్‌కూ గోడకూ మధ్య ఖాళీ 0.02 నుంచి 0.03 మి.మీ. మాత్రమే. అందాజుగా కోస్తే వందో వంతు మిల్లీమీటరు తేడాకే ఆయిల్ తాగడం మొదలవుతుంది. బోరు పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలిచిన అంకెలు కాగితం మీద రాయించుకోండి.

బ్లాక్ తిరిగొచ్చాక సబ్బు, వేడి నీళ్లతో తోమి కడగండి. పెట్రోల్ ఒక్కటే చాలదు, హోనింగ్‌లో (బోరు గోడకు సన్న గీతలు పెట్టడం) వచ్చిన పొడి ఆ గీతల్లోనే ఉండిపోతుంది. ఆయిల్ అద్దిన తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడకూడదు. బిగించేటప్పుడు మాన్యువల్ చెప్పిన వరుసలో, చెప్పిన టార్క్‌కు టార్క్ రెంచ్‌తోనే బిగించండి. ఆయిల్ పంపు, వాటర్ పంపు, థర్మోస్టాట్, టైమింగ్ బెల్ట్, వెనక క్రాంక్ సీలు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఇప్పుడే మార్చేయండి. రేడియేటర్ కూడా శుభ్రం చేయించండి.

గేర్లు, హౌసింగ్‌లు

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) గేర్ బాక్సుకు అతుక్కుని ఉండదు. రబ్బరు మౌంట్ల మీద విడిగా కూర్చుని, చిన్న షాఫ్ట్‌తో కలుస్తుంది. ఆ రబ్బర్లు పోతేనే చాలా బండ్లు వణుకుతాయి. ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పేముందు రెండు చివర్లా గుర్తు పెట్టుకోండి. ముందు చక్రాల నకిల్ (చక్రం పక్కకు తిరిగే కీలు) సీళ్లు, వీల్ బేరింగులు తప్పకుండా చూడండి. హౌసింగ్‌లో చక్రాలను తిప్పే గేర్లు, అంటే క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి, నీలం రంగు పూసి పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసి సెట్ చేయాలి. ముందు, వెనక హౌసింగ్‌ల (ఇరుసు పెట్టెల) గేర్ నిష్పత్తి ఒకటే ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన వెంటనే ట్రాన్స్‌ఫర్ కేసు మీద బరువు పడుతుంది.

ఇప్పుడు మార్పుల సంగతి. 205/70 ఆర్15 టైరు తీసి 235/75 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 10 శాతం పెరుగుతుంది, అంటే లాగే బలం అంత తగ్గినట్టే. ట్రాన్స్‌ఫర్ కేసులో “లో” గేర్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగేది) కంపెనీ నిష్పత్తి 2.268. దీనికి 4.16 నిష్పత్తి గేర్ సెట్లు దొరుకుతాయి. వాటితో అదే ఇంజన్, అదే గేరులో లో రేంజ్ లాగే బలం 80 శాతానికి పైగా పెరుగుతుంది. 200 బీహెచ్‌పీ ఇంజన్ తెచ్చినా నడక వేగంలో రాళ్లెక్కడానికి అంత పనికిరాదు.

ఆర్‌టీవో సంగతి

2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ అసలు కొలతలకు విరుద్ధంగా బండి మార్చకూడదని తేల్చింది. పాత బ్లాకుకే బోరు కొట్టిస్తే ఇంజన్ నంబరు మారదు, ఇబ్బంది లేదు. వేరే ఇంజన్ పెట్టాలంటే అనుమతి ముందే తీసుకోవాలి, ఆర్‌సీలో నంబరు రాయించాలి. గేర్లు, టైర్ల మార్పు గురించి కూడా డబ్బు పెట్టే ముందే మీ ఆర్‌టీవో ఆఫీసులో అడగండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

ప్లగ్గులు పెట్టకుండా స్టార్టర్ తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. గంటలకొద్దీ ఐడిలింగ్‌లో వదలొద్దు. ఆర్‌పీఎం మారుస్తూ, కొంచెం లోడుతో నడిపితే రింగులు కూర్చుంటాయి. 500 కి.మీ.కి ఆయిల్, ఫిల్టరు మార్చండి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. మొదటి బురద ప్రయాణం అయ్యాక ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులు, స్ప్రింగు పట్టీల యు-బోల్టులు మళ్లీ బిగించి, హౌసింగ్‌లో నీళ్లు దూరాయేమో చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడి కనిపిస్తే వెంటనే మార్చేయాలి.