ఏ ఆవును అమ్మాలి, ఏ పెయ్యను నిలుపుకోవాలి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు చాలామంది ఆ పూట ఎన్ని పాలు పడ్డాయో చూసి ఆవును అమ్మడమో ఉంచడమో తేల్చేస్తారు. అది సరైన లెక్క కాదు. రోజుకు సగటున 12 లీటర్ల చొప్పున పది నెలలు ఇచ్చి, 18 నెలలకోసారి ఈనే ఆవుకు నెలకు పడేది సుమారు 203 లీటర్లు. అదే పది నెలలు రోజుకు 10 లీటర్లే ఇచ్చినా 13 నెలలకు ఈనే ఆవుకు 235 పడుతుంది. అందుకే ముందు చూడాల్సింది చూలు, తర్వాతే పాలు.

ఆవుకో పేజీ పెట్టండి. ఈనిన తేదీ, ఎదకొచ్చిన తేదీలు, సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన తేదీ, ఆ వీర్యం తాలూకు ఎద్దు నంబరు, చూడి పరీక్ష ఫలితం రాయాలి. పదిహేను రోజులకోసారి రెండు పూటల పాలూ కొలిచి రాస్తే చాలు, రోజూ అక్కర్లేదు.

ఈనాక 90 నుంచి 120 రోజుల్లో చూలు కట్టాలి. మూడు సూదులకూ నిలవకపోతే వెంటనే బేరం పెట్టకండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సూది వేయించారా? ఎదలో కారే తీగ కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా ఉందా, మబ్బుగా చీము కలిసి ఉందా? చీముంటే గర్భసంచికి వైద్యం ముందు, సూది తర్వాత. ఖనిజ మిశ్రమం రోజుకు 50 గ్రాములు అందుతోందో లేదో కూడా చూసుకోండి. పైగా మన తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉక్కకు ఆవులు సరిగ్గా చూలు కట్టవు, ఎద కూడా రాత్రిపూటే ఎక్కువగా బయటపడుతుంది. ఆ మూడు నెలల్లో తప్పిన సూదుల్ని ఆవు ఖాతాలో వేయకండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ఈని 200 రోజులు దాటి చూలు లేక, పాల డబ్బు దాని దాణా, గడ్డి ఖర్చుకు చాలకపోతే అదే మొదట వెళ్లాలి. తర్వాతి వరస, ఒకే ఈతలో అదే చన్నుకు మూడుసార్లు పొదుగువాపు వచ్చిన ఆవు. అది ఉన్నంతకాలం అన్నిటికన్నా చివర పిండండి, లేకపోతే చేతుల ద్వారా మిగతావాటికీ అంటుతుంది. ఒక చన్ను ఎండిపోయి మూడు చన్నులతో బాగా ఇచ్చే ఆవును మాత్రం అమ్మనక్కర్లేదు. పాలు తక్కువైనా టైముకు చూలు కట్టే ఆవును అమ్మాలనుకుంటే, ఆరేడు నెలల చూడితో అమ్మండి. వట్టిపోయాక అమ్మితే సగం ధర కూడా రాకపోవచ్చు.

ఐదో నెల దాటాక ఈసుకుపోయిన (చూలు పడిపోయిన) ఆవుకు, అలా పడిపోయేలా చేసే బ్రూసెల్లా అనే అంటుజబ్బుకు రక్తపరీక్ష చేయించండి. ఉందని తేలితే ఇంకో పాడి రైతుకు అంటగట్టకూడదు, అది మనుషులకూ సోకుతుంది. డాక్టరు చెప్పినట్టు విడిగా కట్టాలి. మాయను, పడిపోయిన దూడను వట్టి చేత్తో ముట్టుకోకూడదు. రాష్ట్రంలోని 1977 గోవధ నిషేధ చట్టం ప్రకారం ఆవును కోతకు ఇవ్వడం నేరం కాబట్టి కొనేవారెవరో తెలుసుకునే అమ్మండి, లోపం దాచకండి.

ఇక పెయ్యలు. పది ఆవుల శాలలో ఏటా రెండు బయటికి పోతాయనుకుంటే మూడు పెయ్యల్ని పెంచాలి, ఒకటి ఎలాగూ జబ్బుకో ఎదుగుదల లేకో తప్పుతుంది. ముద్దుగా ఉందనో తెల్లబొట్టు ఉందనో కాదు, తల్లి పేజీ తిరగేసి ఎంచండి. తల్లి టైముకు చూలు కట్టిందా, పొదుగు జబ్బు లేదా? కోడెతో కవలగా పుట్టిన పెయ్య అయితే పదింట తొమ్మిది గొడ్డే, పెంపకానికి ఉంచొద్దు. అదనపు చన్నులుంటే చిన్నప్పుడే డాక్టరుతో తీయించాలి.

ఉంచే పెయ్యకు పుట్టిన గంటలోనే జున్నుపాలు పట్టడం మొదలుపెట్టి, మొదటి రోజు మొత్తం మీద బరువులో పదో వంతు తాగించండి. బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారే, ఆడదూడలకే.

బరువుకు టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు, రెండూ అంగుళాల్లో తీయండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 57, పొడవు 50 అయితే 246 కిలోలు. జెర్సీ సంకరానికి మొదటి సూదికి ఈ బరువు సరిపోతుంది. రోజుకు 450 గ్రాములు పెరిగితే 16, 17 నెలలకే అక్కడికి చేరుతుంది. బరువు రాకుండా ఎద వచ్చిందని వేయించేస్తే ఈనేటప్పుడు దూడ అడ్డం పడుతుంది, తల్లి ఎదుగుదలా ఆగిపోతుంది. బరువుండీ 20 నెలలకు ఎదకు రాని పెయ్యను డాక్టరుతో లోపల చూపించి, గర్భసంచి ఎదగలేదని తేలితే ఇంకో వేసవి మేపకుండా వదిలించుకోండి.