నాటకాల గొంతుతో కెమెరా ముందుకు వెళ్లేవాళ్లకి

పరిషత్తు నాటకాలు ఆడి ఆడి ఓ రోజు సినిమా ఆడిషన్‌కి పిలుపొచ్చిందనుకోండి, ముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: గొంతు తగ్గించడం వేరు, బిగువు తగ్గించడం వేరు. ఇది తెలియక ఓ షార్ట్ ఫిల్మ్‌లో నా పరువు పోయింది. మన స్టేజీల మీద పైనుంచి వేలాడే మైకు కిందకి జరిగి, ఆఖరి వరసలో వేరుశెనక్కాయలు ఒలుచుకునే పెద్దాయనకి కూడా వినబడేలా డైలాగు కొట్టడం అలవాటు కదా, అక్కడా అలాగే కొట్టాను. సౌండ్ చూసే కుర్రాడు హెడ్‌ఫోన్లు పీకేసి చెవి రుద్దుకున్నాడు. "మెల్లగా సార్" అన్నారు. మెల్లగా చెప్తే పంచాయతీ నోటీసు చదివినట్టు వచ్చింది.

తర్వాత నాకు పనికొచ్చిన పద్ధతి ఇది, పైసా ఖర్చు లేదు. "నాన్న పొలం అమ్మేశాడు" లాంటి మామూలు డైలాగు ఒకటి తీసుకోండి. సాయంత్రం కాలవ గట్టు మీద నిలబడి అవతలి గట్టున ఉన్న స్నేహితుడికి వినబడేలా చెప్పండి, చెప్పేటప్పుడు పొట్ట ఎలా బిగుస్తోందో చెయ్యి వేసి చూసుకోండి. తర్వాత అతన్ని అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని అదే చెప్పండి. ఆఖరికి, లోపల పసిపిల్ల నిద్రపోతోంది, లేవకూడదు అనుకుని అతని చెవిలో చెప్పండి. మూడోసారి కూడా పొట్ట మొదటిసారిలాగే పనిచెయ్యాలి. మూడూ ఫోన్లో రికార్డు చేసి వినండి, "అమ్మేశాడు"లో ఆ చివరి "డు" మింగేశారా, మళ్లీ మొదటికి. మనలో చాలామంది తప్పేది అక్కడే.

గొంతు విషయంలో నేను మాటిమాటికీ వినేది అమెరికా నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ని. స్టార్ వార్స్ సినిమాల్లో ముసుగు విలన్ డార్త్ వేడర్ గొంతు ఆయనదే, ముసుగు లోపలి మనిషి వేరు. 1931లో మిసిసిపీలో పుట్టిన ఈయనకి చిన్నప్పుడు నత్తి, దాంతో ఏళ్ల తరబడి బడిలో నోరే విప్పలేదు. హైస్కూల్లో ఒక మాస్టారు, ఈయన రాసుకున్న కవితని క్లాసులో చూడకుండా చెప్పమంటే తడబడకుండా చెప్పేశాడు. నత్తి ఉన్నవాళ్లు దీన్ని పట్టుకోండి. మనకి పద్యాలకేం కరువు, హరిశ్చంద్ర కాటిసీను పద్యాలు రాని ఊరుందా! రోజూ రెండు పద్యాలు రాగం తీయకుండా, మాటల్లా చదవండి. నత్తి పోతుందని చెప్పను, ఆయనకీ పూర్తిగా పోలేదు, కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పద్యం నేర్పుతుంది.

స్టేజి మాత్రం మానకండి. సంక్రాంతి నాటకం ఒప్పుకుని, ఆడిషన్ వచ్చిందని ముందురోజు ఎగ్గొట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. జోన్స్ 1950లలో మిషిగన్‌లోని మానిస్టీ అనే చిన్న ఊళ్లో, థియేటర్‌లో వడ్రంగి పని కూడా చేస్తూ వేషాలు వేశాడు. 1962లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ నాటకం ఆడుతుంటే, అందులో ఉన్న ఇంకో నటుడు జార్జ్ సి. స్కాట్‌ని చూద్దామని వచ్చిన దర్శకుడు కూబ్రిక్ ఈయన్నీ తీసుకున్నాడు, అలా 1964లో తొలి సినిమా. 'ది గ్రేట్ వైట్ హోప్' నాటకానికి 1969లో టోనీ (అమెరికాలో నాటకాలకిచ్చే పెద్ద అవార్డు), అదే వేషం 1970లో తెర మీద వేస్తే ఆస్కార్ నామినేషన్. డార్త్ వేడర్ అయ్యాక కూడా 1987లో 'ఫెన్సెస్' నాటకం ఆడి రెండో టోనీ పట్టుకెళ్లాడు. అంతదూరం ఎందుకు, ఎస్వీ రంగారావు, రేలంగి కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో నాటకాలు ఆడినవాళ్లే.

ఇక ఇంట్లో ఆడిషన్ వీడియో తీసేటప్పుడు ఫోన్ అడ్డంగా, మీ కళ్ల ఎత్తులో పెట్టండి, బియ్యం డబ్బా మీద పుస్తకాలు పేర్చినా చాలు. కిటికీ మీకు ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది. ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషిని ఫోన్ పక్కనే నిలబెట్టి, ఆ మనిషి కళ్లలోకి చూసి చెప్పండి. లెన్స్‌లోకి చూసేది పేరు, ఎత్తు, ఊరు చెప్పేటప్పుడే. ఆ చదివే ఆయన కూడా నాటకాలవాడైతే మెల్లగా చదవమనండి, లేకపోతే వీడియో నిండా ఆయనే ఉంటాడు. రొయ్యల చెరువుల పక్కన ఇల్లయితే నీళ్లని చిలికి గాలి అందించే ఏరేటర్ల మోత తెల్లవార్లూ ఉంటుంది, ఆపమని రైతుని అడగలేం కదా, ఎండెక్కి వాళ్లే ఆపాక తీసుకోండి. మీ ఫ్యాన్ కూడా కట్టేయాలి. చెమట కారుతుంది, తువ్వాలు దగ్గర పెట్టుకుని, మొహం తుడుచుకున్నాకే రికార్డు నొక్కండి.