గోస్తనీలో నీళ్ళు ఎంత పారుతున్నాయో మనమే లెక్కేసుకోవడం ఎలా

వానలు మొదలైతే చాలు, భీమిలి పద్మనాభం వైపు వాట్సాప్ గ్రూపుల్లో "గోస్తనీ ఫుల్లుగా వస్తోంది" అని వీడియోలు తిరుగుతాయి, అది ఏ రోజుదో ఏ వంతెన దగ్గరదో ఒక్కరూ రాయరు. ఫుల్లంటే ఎంత? నిన్నటికన్నా ఎంత పెరిగింది? ఇది చెప్పడానికి పెద్ద మెషిన్లేం అక్కర్లేదు.

ముందు చోటు చూసుకోండి. ఏరు తిన్నగా పారే చోట ఉన్న వంతెన అయితే బెస్ట్. భీమిలి సంగమం దగ్గర మాత్రం వద్దు, అక్కడ సముద్రం పోటుకి మట్టం పెరుగుతుంది, ఆటుకి దిగుతుంది, మీరేమో వరదొచ్చిందని హడావుడి చేస్తారు. చెక్‌డ్యామ్‌కి ఆనుకుని పైన కూడా వద్దు, నిలవ నీళ్ళు అసలు సంగతి చెప్పవు.

రెయిలింగ్ మీద ఒక గుర్తు పెట్టుకుని, తాడుకి బరువు కట్టి నీళ్ళకి తగిలేదాకా దించి, ఆ పొడవు టేపుతో కొలవండి. తాడు పొడవు తగ్గిందంటే నీళ్ళు పెరిగినట్టు. రోజూ ఉదయం 8కి చూస్తే చాలు, కేంద్ర జలసంఘం వాళ్ళ రోజువారీ రీడింగ్ టైమూ అదే, వరదప్పుడు మాత్రం గంటగంటకీ రాయాలి. నన్నడిగితే మట్టం కన్నా అది గంటకి ఎంత పెరుగుతోందన్నదే ముఖ్యం.

మట్టం వేరు, ప్రవాహం వేరు: మట్టమంటే నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయని, ప్రవాహమంటే సెకనుకి ఎన్ని నీళ్ళు పోతున్నాయని. ప్రవాహం కావాలంటే నీళ్ళు మోకాలి లోతు ఉన్న రోజుల్లో ఇలా చెయ్యండి (వరదలో దిగొద్దు, ఇందులో బేరాల్లేవు). గట్టు మీద 10 మీటర్లు కొలిచి, సగం నీళ్ళు పోసి మూత బిగించిన బాటిల్ని వదిలి టైమ్ చూడండి, ఖాళీ బాటిల్ అయితే గాలికి కొట్టుకుపోతుంది. 20 సెకన్లు పట్టిందనుకోండి, వేగం సెకనుకి అర మీటరు. పైన నీళ్ళు అడుగు కన్నా జోరుగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణిస్తే 0.425. వెడల్పు 20 మీటర్లు, సగటు లోతు అర మీటరు అయితే 10 చదరపు మీటర్లు, దాన్ని ఆ 0.425తో గుణిస్తే సెకనుకి 4.25 ఘనపు మీటర్లు, 35.3తో గుణిస్తే సుమారు 150 క్యూసెక్కులు (అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు). లోతు ఒక్క చోటే కాదు, అడ్డంగా ఐదారు చోట్ల చూసి సగటు తియ్యండి, తప్పులన్నీ ఇక్కడే దొర్లుతాయి. మట్టం, ప్రవాహం రెండూ పక్కపక్కన రాసుకుంటూ పోతే కొన్నాళ్ళకి తాడు చూసే క్యూసెక్కులు అంచనా కట్టొచ్చు, కాకపోతే పెద్ద వరద వెళ్ళాక ఇసుక మేటలు మారిపోయి పాత లెక్క పనికిరాదు, మళ్ళీ కొలవాల్సిందే.

ఇంకోటి, గోస్తనీ అనంతగిరి కొండల్లో పుట్టి తాటిపూడి రిజర్వాయర్ మీదుగా వస్తుంది, అందుకే మన దగ్గర ఎండ కాస్తున్నా ఏరు పొంగొచ్చు. తాటిపూడి గేట్లు ఎత్తుతున్నారని వింటే 8 దాకా ఆగకుండా వెంటనే తాడు పట్టుకెళ్ళండి.

టీవీలో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక అంటారు కదా, ఆ అంకె ఆ బ్యారేజీకే, ఇక్కడికి తెచ్చి పోల్చకండి. గ్రూపులో పెట్టేటప్పుడు వంతెన పేరు, తేదీ, టైమ్, తాడు పొడవు, ముందు రీడింగ్ కన్నా పెరిగిందా తగ్గిందా, ఇంతే రాయండి, వీడియో లేకపోయినా పర్లేదు.