డార్ట్‌మూర్ నీళ్లు – 3వ పాఠం: మ్యాప్ మీద సున్నాలు కొట్టేయడం

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఉన్న డార్ట్‌మూర్ కొండల్లో ఏ నీళ్లలో ఈదొచ్చో, ఏవి వద్దో నేర్చుకునే పాఠాలివి. పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ గుర్తుందిగా. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఓఎల్28 (డార్ట్‌మూర్) మ్యాప్ పరిచి, నీలిరంగు మచ్చ గానీ ‘పూల్’ (మడుగు) అన్న పేరు గానీ కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో సున్నా చుట్టమన్నాను. చుట్టనివాళ్లు ఇక్కడే ఆపి ఆ పని చేసి రండి, ఎందుకంటే ఈ పాఠమంతా ఆ సున్నాల్లో చాలావాటిని కొట్టేయడమే.

మొదటిది క్రాన్‌మియర్ పూల్. పేరుకి పెద్ద చరిత్ర ఉంది. 1854లో చాగ్‌ఫర్డ్‌కి చెందిన జేమ్స్ పెరట్ అనే గైడ్, అంత దూరం నడిచొచ్చినవాళ్లు తమ కార్డు వదిలి వెళ్లడానికని అక్కడొక సీసా పెట్టాడు. డార్ట్‌మూర్‌లో ఇప్పటికీ జనం పెట్టెలు వెతుక్కుంటూ తిరిగే లెటర్‌బాక్సింగ్ సరదా అక్కడ మొదలైందే. తీరా వెళ్లి చూస్తే ఒక పీట్ (కుళ్లీ కుళ్లని నాచూ గడ్డీ పేరుకున్న నల్లమట్టి) గుంట తప్ప ఈదడానికి నీళ్లుండవు. పైగా అది మిలిటరీ వాళ్లు కాల్పులు సాధన చేసే ఓక్‌హాంప్టన్ ఫైరింగ్ రేంజ్ లోపల ఉంది. కాల్పులు జరిపే రోజుల్లో పగలు ఎర్రజెండా, రాత్రి ఎర్రదీపం పెడతారు, అవి కనిపిస్తే హద్దు దాటకూడదు. ఏ రోజు కాల్పులున్నాయో ముందే ఆన్‌లైన్‌లో పెడతారు కాబట్టి బయల్దేరేముందు చూసుకోవాలి. రేబారో పూల్ కూడా కొట్టేయండి, అది ఊబి. ‘లేక్’ అని తగిలించిన పేర్లకీ మోసపోకండి, ఈ కొండల్లో ఆ మాట చాలాచోట్ల చిన్న వాగుకి వాడతారు.

అసలు డార్ట్‌మూర్‌లో చెప్పుకోదగ్గ సహజమైన సరస్సు లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని సరస్సుల ప్రాంతం లేక్ డిస్ట్రిక్ట్‌లోలా హిమానీనదాలు లోతైన లోయలు తవ్విన నేల కాదిది. గ్రానైట్ రాయి, దాని మీద వేల ఏళ్లుగా నాచూ గడ్డీ కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న పీట్, అంతే. కాబట్టి మీ మ్యాప్ మీద మిగిలిన నీలిమచ్చలన్నీ దాదాపు మనిషి చేసినవే: కట్ట కట్టి ఆపిన రిజర్వాయర్లు, తగరం కోసమో గ్రానైట్ కోసమో చైనా క్లే (పింగాణీకి వాడే తెల్లమట్టి) కోసమో తవ్వి వదిలేసిన గోతులు. ఇవి కాక నదులు. మూడింటికీ మూడు లెక్కలు.

రిజర్వాయర్లన్నిటికీ పెన్సిల్ రంగు మార్చండి. అవి చుట్టూ నడవడానికి, ఈదడానికి కాదు. బర్రేటర్ (1898), వెన్‌ఫర్డ్ (1907), ఫెర్న్‌వర్దీ (1942), ఏవన్ డ్యామ్ (1957), మెల్డన్ (1972), అన్నీ తాగునీటి కోసం కట్టినవే. బర్రేటర్ కట్టకముందు ప్లిమత్ ఊరికి నీళ్లు 1591లో తవ్విన కాలువలో వచ్చేవి, ఆ కాలువ గుర్తులు ఇప్పటికీ చుట్టుపక్కల కనిపిస్తాయి. ఎండలు ముదిరి నీళ్లు తగ్గిన ఏడాది ఫెర్న్‌వర్దీ వెళ్లండి, మునిగిపోయిన పాత రాతి వంతెన బయటపడుతుంది, దాన్ని చూడ్డానికే జనం వస్తారు. బురద దగ్గర మాత్రం ఆగిపోండి, పైన ఎండి పెచ్చు కట్టి కింద మెత్తగా ఉంటుంది.

ఈత ఎందుకొద్దంటారో మన చెరువులు తెలిసినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. తూము దగ్గర, అలుగు దగ్గర మన ఊళ్లో పెద్దవాళ్లు ఎందుకు కేకలేస్తారో ఇక్కడా అందుకే బోర్డు పెడతారు, కాకపోతే ఇక్కడ తూములూ గొట్టాలూ నీళ్ల కింద ఉండి కనిపించవు. ఒడ్డు నుంచి రెండడుగులు వేసేసరికి కాలికి నేల అందకపోవచ్చు. జులైలో కూడా పైపొర గోరువెచ్చగా అనిపించి, కాళ్లు కిందికి వెళ్లగానే చలి పట్టేస్తుంది. నిర్వాహకులు అనుమతించి నడిపే సెషన్లు ఎక్కడైనా ఉంటే అది వేరే సంగతి.

ఇక గోతులు. ప్రిన్స్‌టౌన్‌కి దక్షిణాన క్రేజీవెల్ పూల్ ఉంది, పాత తగరపు పనుల గొయ్యి. దానికి అడుగే లేదని, వాకమ్‌టన్ చర్చి గంటల తాళ్లన్నీ ముడేసి వదిలినా నేల తగల్లేదని కథ చెప్తారు. నిజానికి లోతు అయిదు మీటర్ల చుట్టుపక్కలే. అంటే మునగడానికి సరిపడా ఉంది, భయపడి పారిపోవడానికి కాదు. ఒక పక్క ఒడ్డు గోడలా నిలువుగా ఉంటుంది, ఇంకో పక్క ఏటవాలుగా నీళ్లలోకి దిగుతుంది. ఇక్కడి నుంచే ఈ పాఠం అసలు పని మొదలు: ఏ నీళ్ల దగ్గరికి వెళ్లినా మొదట వెతకాల్సింది దిగే చోటు కాదు, బయటికొచ్చే చోటు. నిలువు ఒడ్డు నుంచి దూకడం తేలికే. అటువైపు నుంచి చలికి కొయ్యబారిన వేళ్లతో పైకి ఎక్కడం అయ్యే పని కాదు. క్వారీల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ, కింద పాత ఇనుము, పడిన రాళ్లు కూడా ఉండొచ్చు. 1831లో తెరిచిన లండన్ బ్రిడ్జికి రాయి పంపిన హేటర్ క్వారీ గుంట చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కలవపూలు కూడా ఉంటాయి. నన్నడిగితే అక్కడ కూర్చుని పులిహోర తిని రావడమే మంచిది.

నది విషయం కొంచెం నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే మీరు నిజంగా నీళ్లలో దిగేది అక్కడే. ఈస్ట్ డార్ట్, వెస్ట్ డార్ట్ కలిసే చోటు డార్ట్‌మీట్, అక్కడి నుంచి నది అడవి మధ్య ఇరుకు లోయలో కిందికి వస్తుంది. న్యూబ్రిడ్జ్ దగ్గర కారు ఆపి ఎగువకి చెట్ల మధ్య నడిస్తే షారా పూల్, అదే వంతెనకి దిగువన అయితే స్పిచ్‌విక్. స్పిచ్‌విక్‌లో ఎండ కాసిన ఆదివారం తిరునాళ్లే, షారాకి నడక ఉంది కాబట్టి జనం పలచబడతారు. రెండుచోట్లా నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి, అది పీట్ రంగు, మురికి కాదు. కానీ ఆ రంగు వల్ల లోతు తెలియదు, మీ మోకాళ్లే మీకు కనపడవు, అందుకే చేతిలో కర్ర ఉండాలి.

డార్ట్ పొంగే తీరు అర్థం చేసుకోండి. వాన పడేది పైన కొండల మీద. తడిసిన పీట్ ఇంక పీల్చుకోలేదు, గ్రానైట్ అసలే పీల్చుకోదు, పడ్డ నీళ్లు పడ్డట్టు కొన్ని గంటల్లో కింద న్యూబ్రిడ్జ్‌కి వచ్చేస్తాయి. మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, నది మాత్రం లేస్తుంది. అందుకే ఇంటి దగ్గరే ప్రభుత్వ నదీమట్టాల పేజీలో ఈస్ట్ డార్ట్‌కి బెలివర్, వెస్ట్ డార్ట్‌కి డన్నాబ్రిడ్జ్ అని రెండు గేజీలు చూడాలి. గ్రాఫ్‌లో గీత పైకి లేస్తుంటే ఆ రోజు నడక మాత్రమే.

ఒడ్డుకి చేరాక ఇలా చేయండి. నీళ్లూ ఇసకా కలిసే అంచున, సరిగ్గా తడి గీత మీద, ఒక పుల్ల గుచ్చండి. బట్టలు విప్పే పని పెట్టుకోకుండా ఒక పావుగంట అటూ ఇటూ తిరిగి బయటికొచ్చే చోటు వెతకండి: గులకరాళ్లతో ఏటవాలుగా ఉండాలి, నాచు పట్టిన బండ కాకూడదు, మీరు దిగే చోటుకి దిగువన ఉండాలి, ఎందుకంటే ప్రవాహం మిమ్మల్ని తోసేది అటే. ఆ చోటుకి ఇంకా దిగువన రాళ్ల మీద తెల్లగా నురుగు కడుతూ నీళ్లు ఉరుకుతుంటే, లేదా పడిపోయిన చెట్టు కొమ్మలు అడ్డంగా ఉంటే, ఆ మడుగు మానేయండి. కొమ్మల్లోంచి నీళ్లు పోతాయి గానీ మనిషి పోలేడు. తిరిగొచ్చి పుల్ల చూడండి. పుల్ల మొదలు నీళ్లలో ఉంటే, ఆకులూ చితుకులూ కొట్టుకొస్తుంటే, చప్పుడు పెరిగినట్టు అనిపిస్తే, టీ తాగి ఇంటికి రండి.

ఊళ్లో బావిలోనో కాలవలోనో ఈత నేర్చుకున్నవాళ్లకి ఇక్కడ ఒక ప్రమాదం అదనం: ఈత వచ్చు కదా అన్న ధైర్యం. కృష్ణా కాలవ నీళ్లకీ ఈ నీళ్లకీ పోలికే లేదు. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. ఆ వార్త చదివినవాళ్లకి ఈ పేరా ఎందుకు రాశానో తెలుసు.

దూకొద్దు. నడుచుకుంటూ దిగండి, మెడకీ ముఖానికీ నీళ్లు చల్లుకోండి, ఊపిరి కుదుటపడేదాకా నేల అందే చోటే నిలబడండి. ఊపిరి ఎగదన్నితే ఈదడానికి కొట్టుకోకుండా, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి వెల్లకిలా తేలండి. నీళ్లలో చిక్కుకున్నవాళ్లని కాపాడే బ్రిటన్ స్వచ్ఛంద సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ వాళ్లు ‘ఫ్లోట్ టు లివ్’ (బతకాలంటే తేలు) అని నేర్పేది ఇదే. మొదటి రోజుకి రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకా బాగానే ఉంది అనిపిస్తున్నప్పుడే బయటికి రావాలి, ఎందుకంటే వచ్చాక కూడా కొంతసేపు ఒళ్లు లోపల చల్లబడుతూనే ఉంటుంది, అసలు వణుకు అప్పుడే. తడిబట్టలు తీసి ముందు పైభాగం కప్పండి, టోపీ పెట్టండి, వేడిగా ఏదైనా తాగండి. వణుకు తగ్గేదాకా స్టీరింగ్ ముట్టుకోవద్దు.

అనుమతుల గురించి ఒక్కమాట. ఇక్కడి 2000 నాటి చట్టం బీడు భూముల్లో నడిచే హక్కు ఇచ్చింది గానీ అందులో నదీ చెరువుల స్నానాన్ని కలపలేదు. డార్ట్‌మూర్ ఉమ్మడి భూములకి 1985 నాటి ప్రత్యేక చట్టం వేరే ఉంది. దాని మీదే 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు గుడారం వేసుకునే హక్కు ఉందని తేల్చింది. అది గుడారాల కేసు, ఈత కేసు కాదు. కంచె ఉంటే, బోర్డు ఉంటే గౌరవించండి, వాదన పెట్టుకోకండి. చలికాలం మొదట్లో సాల్మన్ చేపలు గులకరాళ్లలో గుడ్లు పెడతాయి, అప్పుడు వాటిని తొక్కుతూ తిరగొద్దు.

ఈ వారం పని. మిగిలిన సున్నాల్లో నాలుగింటికి, మ్యాప్‌లో ఎత్తుగీతలు (కాంటూర్లు) చూసి ఏ పక్క ఒడ్డు ఏటవాలో బాణం గుర్తు వేయండి. గీతలు దగ్గరదగ్గరగా ఉన్న పక్క నిలువు, అది వద్దు. బెలివర్ గేజీని రోజూ పొద్దున ఒకసారి చూసి అంకె రాసుకోండి, వాన పడిన రోజు మాత్రం రాత్రి కూడా చూడండి. మీ దగ్గర్లోని లీజర్ సెంటర్ స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లి చేతులు కాళ్లు ఆడించకుండా వెల్లకిలా తేలడం ప్రాక్టీస్ చేయండి, అది రానివాళ్లు నాలుగో పాఠానికి రావద్దు. నాలుగో పాఠంలో న్యూబ్రిడ్జ్ నుంచి షారా పూల్ దాకా దారి, మొబైల్ సిగ్నల్ పోయినప్పుడు గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద మనమున్న చోటు చెప్పే అంకెలు) చదవడం, అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీసులని అడిగి మౌంటెన్ రెస్క్యూ కావాలని ఎలా చెప్పాలో చూద్దాం. దిక్సూచి కొనకపోతే ఈలోపు కొనుక్కోండి.